ఎడమ చీలమండ కదలదు, అపాచీలో గేర్ ఎలా వెయ్యాలి? వైజాగ్ వాళ్ళు ఎవరైనా చేయించుకున్నారా?

అప్పన్న_భక్తుడు
అందరికీ నమస్తే. నాది గోపాలపట్నం. యాక్సిడెంట్‌లో ఎడమ చీలమండ బాగా దెబ్బతింది, చివరికి డాక్టర్లు జాయింట్‌ని ఫ్యూజన్ చేసేశారు, అంటే పాదం కాలికి తొంభై డిగ్రీల్లో అలా లాక్ అయిపోయింది, పైకి లేవదు కిందకి వంగదు. నడక పర్లేదు, మెట్లు కూడా ఎక్కేస్తున్నా, బండి తోలుకోవచ్చు నెమ్మదిగా అని డాక్టర్ గారు చెప్పారు. నా బండి అపాచీ ఆర్‌టీఆర్ 160. ఫస్ట్ గేర్ కిందకి కదా అది కాలు మొత్తం కిందకి తోసేస్తే పడిపోతుంది, గొడవ లేదు. సమస్యంతా సెకండ్ నుంచి పైకి వెయ్యడమే. వేళ్ళు ఎత్తలేను కాబట్టి తొడ దగ్గర నుంచి కాలు మొత్తం లేపాలి, లేపేసరికి మడమ ఫుట్‌రెస్ట్ మీంచి లేచిపోతుంది, అప్పుడు ఎంత బలంతో తంతున్నానో నాకే తెలీట్లేదు, ఒక్కోసారి సెకండ్ పడకుండా న్యూట్రల్‌లో ఆగిపోతుంది వెనక లారీ వాడు హారన్ కొట్టేస్తుంటాడు. ఒక షోరూమ్‌లో అడిగితే బండి వైపు కూడా చూడకుండా స్కూటర్ తీసుకోండి సార్ అన్నారు. స్కూటర్ మీద నాకేం కోపం లేదు, ఇంట్లో ఒకటి ఉంది కూడా, కానీ నాకు అరకు ఘాట్‌లో గేర్లు వేసుకుంటూ ఎక్కడం ఇష్టం, అది వదులుకోవాలని లేదు. లివర్ మార్చొచ్చా, ఎవరైనా చేశారా, ఎక్కడ చేస్తారు చెప్పండి ప్లీజ్.

బీచ్‌రోడ్_బుల్లెట్
బ్రో ముందు నువ్వు బయటపడ్డావు అదే పదివేలు. నీకు కావాల్సింది హీల్ అండ్ టో లివర్. క్లాసిక్ 350కి కంపెనీదే వస్తుంది, ముందు వేళ్ళతో నొక్కితే ఫస్ట్, మిగతావన్నీ మడమతో వెనక ప్యాడ్ నొక్కితే పడిపోతాయి. వేళ్ళు పైకి ఎత్తే పనే ఉండదు, బూటు పైన మచ్చ కూడా పడదు. స్ప్లెండర్‌లో అయితే ఇంకా సులువు, గేర్లు అన్నీ ముందు నొక్కుడే, తగ్గించాలంటే వెనక మడమ. నా క్లాసిక్ ఉంది, ఆదివారం వచ్చి ఒక రౌండ్ వేసి చూడు, ఆర్కే బీచ్ వైపు పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. ఒక్కటే, బండి 195 కేజీలు. ఆగినప్పుడు ఎడమ కాలు మీద ఆపుకోగలవా లేదా అన్నది చూసుకోవాలి.

ఆటోనగర్_లేత్
గాజువాక ఆటోనగర్‌లో మాది లేత్ షాపు తమ్ముడూ. బండి మార్చీయడం, కొత్త లివర్ చేయించీయడం తర్వాత, ముందు ఉన్నదాన్ని సర్దుకుందాం. నీ అపాచీకి గేర్ లివర్ నేరుగా ఇంజిన్ షాఫ్ట్ మీద ఉండదు, ఫుట్‌రెస్ట్ దగ్గర పివట్ అయ్యి ఒక రాడ్ ఇంజిన్ వైపు వెళ్తాది. ఆ రాడ్‌కి రెండు చివర్లా చెక్ నట్లు ఉంటాయి, ఒక పక్క మామూలు మర ఇంకో పక్క ఉల్టా మర. చెక్ నట్లు వదులు చేసి మధ్యలో రాడ్‌ని తిప్పితే లివర్ పైకో కిందకో జరుగుద్ది. రూపాయి ఖర్చు లేదు. అది చాలకపోతే షాఫ్ట్ మీద ఉన్న చిన్న ఆర్మ్ బోల్ట్ విప్పి, షాఫ్ట్ చుట్టూ ఉన్న పళ్ళ మీద ఒక పన్ను జరపాలి. జరిపే ముందు షాఫ్ట్ మీద ఆర్మ్ మీద కలిపి ఒక గీత గీసుకో, వైట్‌నర్‌తోనైనా సరే, లేకపోతే పాత చోటు ఎక్కడో మళ్ళీ దొరకదు.

కానీ ఒక మాట. ఆర్మ్‌కీ రాడ్‌కీ మధ్య కోణం ఇంచుమించు తొంభై ఉండాలి. లివర్ కిందకి రావాలని రాడ్‌ని మరీ తిప్పీసి ఆ కోణం పాడు చేసీసావనుకో, నీ కాలి బలం షాఫ్ట్‌కి సరిగ్గా అందదు, అప్పుడు గేర్ పడీ పడనట్టు ఉండిపోద్ది. నీ న్యూట్రల్‌లో ఆగిపోయే గొడవ ఇంకా ఎక్కువైపోద్ది. అందుకే కొంచెం రాడ్‌లో, మిగతాది పన్ను జరపడంలో సర్దాలి.

మద్దిలపాలెం_ఫిజియో
ఫిజియోథెరపిస్ట్‌ని. లివర్ ఎటు జరపాలో తేల్చుకోవడానికి ముందు అప్పన్న_భక్తుడు గారు ఒక పని చెయ్యండి. ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమని, మీరు ఎక్కి మామూలుగా రైడ్ చేసే భంగిమలో కూర్చోండి, పక్క నుంచి ఫోటో తియ్యించండి. మోకాలి నుంచి చీలమండ దాకా పిక్క ఏ వాలులో ఉందో చూడండి.

ఎందుకు చెప్తున్నానంటే అపాచీ లాంటి బండ్లలో ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి ఉంటాయి. పాదం మోకాలి కంటే వెనక ఉంటుంది కాబట్టి పిక్క కిందకీ వెనక్కీ వాలి ఉంటుంది. మామూలు మనిషి అయితే తెలీకుండానే చీలమండని పైకి వంచి పాదాన్ని నేలకి సమానంగా పెట్టుకుంటాడు. మీకు ఆ కీలు తొంభైలో ఆగిపోయింది కనుక పిక్క ఎంత వెనక్కి వాలితే వేళ్ళు అంత కిందకి దిగిపోతాయి. అంటే మీ వేళ్ళు లివర్‌కి బాగా కింద వేలాడుతున్నాయి, లివర్‌ని అందుకోవడానికే కాలు చాలా ఎత్తాలి, అందుకే మడమ లేచిపోతోంది. మీ తొడలో బలం లేక కాదు. చాలా మంది కాలు ఎత్తలేకపోతున్నాం అని లివర్‌ని ఇంకా పైకి జరిపించుకుంటారు, మీ విషయంలో దాన్ని కిందకి దించాలి.

ఇంకో సంగతి, ఇది చదివే వేరేవాళ్ళ కోసం. కాలు పని చెయ్యట్లేదు అన్నది ఒకే రకం కాదు. ఫ్యూజన్ అయితే కీలు గట్టి, బలం తుంటి దగ్గర నుంచి వస్తుంది, పాదానికి స్పర్శ ఉంటుంది. ఫుట్ డ్రాప్ అయితే మోకాలి పక్కన వెళ్ళే పెరోనియల్ నరం దెబ్బతిని పాదం పైకి లేవదు, కానీ కిందకి నొక్కే బలం బాగానే ఉంటుంది, వాళ్ళకి హీల్ టో లివర్ సరిగ్గా సరిపోతుంది, పైగా స్ప్లింట్ వేసుకుంటే పాదం వేలాడకుండా ఉంటుంది. మూడోది షుగర్ వల్ల స్పర్శ పోవడం, అందులో కదలిక అంతా ఉంటుంది గానీ పాదం ఎక్కడుందో, ఎంత నొక్కుతోందో మెదడుకి తెలీదు. బండి మీద ఈ మూడోదే అన్నిటికంటే భయపెట్టేది.

అప్పన్న_భక్తుడు
మేడమ్ మీరు చెప్పినట్టు మా తమ్ముడు హ్యాండిల్ పట్టుకుంటే ఎక్కి ఫోటో తీయించా. అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. బూటు ముందు భాగం నేల వైపు చూస్తోంది, లివర్ రబ్బరుకీ బూటు పైభాగానికీ మధ్య నాలుగు వేళ్ళు దూరిపోయేంత ఖాళీ. నేను ఇన్నాళ్ళూ నా కాలు లేవట్లేదనే అనుకుంటున్నా. కుడి కాలు పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

లేత్ అన్నా, రాడ్ చూశా, చెక్ నట్లు తుప్పు పట్టి కదలట్లేదు.

ఆటోనగర్_లేత్
సముద్రం గాలి తమ్ముడూ, ఈ ఊర్లో ఏ నట్టూ మర్యాదగా ఊడదు. డబ్ల్యూడీ 40 కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున్న రింగ్ స్పానర్‌తో పట్టు, కట్టింగ్ ప్లేయర్‌తో పట్టీసి మూలలు అరగదీసీకు. ఒక పక్క ఉల్టా మర అని గుర్తుంచుకో, ఆ నట్టుని మామూలు నట్టులా తిప్పితే బిగుస్తాది. ఊడాక పివట్ దగ్గర బుష్ కూడా చూడు, లివర్ తిరిగే చోట ఉండే చిన్న గొట్టం లాంటిది. బుష్ అరిగిపోతే లివర్ పక్కకి ఊగుతాది, బాగున్న కాలికే ఆ ఊపుకి గేర్ మిస్ అయిపోద్ది, నీ కాలికి ఇంకా కష్టం. కొత్త బుష్, కొంచెం గ్రీజు, సగం సమస్య అక్కడే తీరిపోద్ది.

రిటైర్డ్_ఫిట్టర్
బాబూ, నేను స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మా రోజుల్లో పాత బుల్లెట్‌కి గేర్ కుడి పక్క, బ్రేక్ ఎడమ పక్క ఉండేవి, ఇప్పటి కుర్రాళ్ళు చూసి ఉండరు. ఎడమ కాలు బాగా లేనివాళ్ళు పాత బుల్లెట్ కొనుక్కుంటామని నన్ను అడుగుతుంటారు, అక్కడ గేర్ గొడవ తప్పుతుంది గానీ బ్రేక్ ఎడమ కాలికి వస్తుంది, అది ఇంకా ప్రమాదం అని చెప్తుంటాను.

అప్పన్న_భక్తుడికి నిజంగా కాలితో గేరే వద్దు అనిపిస్తే బజాజ్ చేతక్, ఎల్‌ఎమ్‌ఎల్ వెస్పా లాంటి పాత గేరు స్కూటర్లు ఉన్నాయి. క్లచ్ పట్టుకుని ఎడమ చేతి గ్రిప్‌నే తిప్పితే గేరు. ఎడమ కాలికి పనే లేదు, వెనక బ్రేక్ మాత్రం కుడి కాలికి. ఆటోలకి కూడా అదే పద్ధతి కదా, గేర్లు ఎడమ చేతిలో తిప్పుతూ రోజంతా సింహాచలం కొండ ఎక్కి దిగేస్తున్నారు. చేత్తో గేరు వెయ్యడం ఏదో విదేశాల నుంచి రావాల్సిన విద్య కాదు, మన కళ్ళ ముందే ఉంది.

ఘాట్_రైడర్
విదేశాల్లో బటన్ నొక్కితే గేర్ పడేవి ఉన్నాయి. ఇంగ్లండ్ వాడిది క్లిక్‌ట్రానిక్, అమెరికా వాడిది పింగెల్. హ్యాండిల్ మీద రెండు బటన్లు, ఇంజిన్ దగ్గర కరెంటుతో కదిలే చిన్న రాడ్, అదే గేర్ లివర్‌ని తోస్తుంది లాగుతుంది. అక్కడ కాళ్ళు లేని రైడర్లు కూడా వాడతారు. కానీ తెప్పించుకుంటే కస్టమ్స్‌తో కలిపి ధర మన బండి రేటు దగ్గరికి వచ్చేస్తుంది, మన చిన్న బండ్ల బ్యాటరీ అంత కరెంటు తట్టుకుంటుందా అన్నది ఇంకో లెక్క. హోండా డీసీటీ, అంటే చేతి క్లచ్ లేని డ్యూయల్ క్లచ్ బండ్లలో బటన్లే, ఆఫ్రికా ట్విన్, గోల్డ్ వింగ్ ఉన్నాయి గానీ అవి మనలాంటి వాళ్ళం కొనేవి కావు. ఈ మధ్య వచ్చిన ఈ-క్లచ్ చూసి చాలామంది ఇది కూడా ఆటోమేటిక్ అనుకుంటున్నారు, అందులో చేతి క్లచ్ పని మాత్రమే తగ్గుతుంది, గేర్ మాత్రం కాలితోనే వెయ్యాలి. కొనేముందు తెలుసుకోండి.

నా సలహా ఏంటంటే లివర్‌కి వెనక ఒక ముక్క వెల్డింగ్ చేయించెయ్, మడమతో నొక్కడానికి. కంచరపాలెంలో ఎవడైనా పది నిమిషాల్లో కొట్టేస్తాడు.

ఆటోనగర్_లేత్
@ఘాట్_రైడర్ గురూ, పది నిమిషాల వెల్డింగే నేను వద్దంటున్నది. గేర్ లివర్‌కి అయితే సరే, విరిగితే ఆ గేర్‌లోనే ఇంటికి వచ్చీగలం. అదే చెయ్యి అలవాటై బ్రేక్ పెడల్ మీదకి వెళ్తారు చూడు, అది భయం. వెల్డ్ పక్కన కాలిన చోటు పెళుసుబారుద్ది, పైకి నున్నగా కనపడతాది, లోపల వెంట్రుకంత పగులు ఉంటాది, ఎమర్జెన్సీలో బలంగా తొక్కినప్పుడే టప్పుమంటాది. పెయింట్ కొట్టీస్తే ఎవడికీ కనపడదు. అల్యూమినియం లివర్ అయితే మామూలు వెల్డింగ్ షాపు వాడు అసలు ముట్టుకోకూడదు.

మేం క్లాంప్ చేస్తాం. రెండు ముక్కలు, మధ్యలో లివర్, రెండు బోల్టులు, తొందరగా వదులవ్వని నైలాక్ నట్లు. మడమ ప్యాడ్ ఎత్తు నచ్చకపోతే వదులు చేసి జరుపుకోవచ్చు. మనిషి కాలికి ఏది సరిపోతాదో మొదటి రోజే తెలీదు కదా, జరుపుకునే వీలు ఉండాలి. వెల్డ్ చేసీస్తే ఇంక అంతే.

అయితే అప్పన్న_భక్తుడికి హీల్ ప్యాడ్ ఈ అపాచీ మీద అంత బావుండదని నా ఉద్దేశం. ఫిజియో మేడమ్ చెప్పినట్టు ఆయన వేళ్ళు దిగి ఉన్నాయి అంటే మడమ పైకి ఉంటాది, ప్యాడ్ చాలా ఎత్తులో పెట్టాలి, ఫుట్‌రెస్ట్ వెనక అంత చోటు లేదు. ముందు లివర్ దించి, చివర రబ్బరు పెగ్‌ని కొంచెం పొడుగుది వెయ్యి, బూటు ఎక్కడ తగిలినా పట్టేలాగ. మరీ దించీకు, ఎడమ మలుపులో బండి వాలినప్పుడు లివర్ రోడ్డుకి గీసుకోకూడదు.

పెందుర్తి_పిల్ల
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫిజియో అక్కా, మీరు రాసిన మూడో రకం చదివి నాకు చెమటలు పట్టాయి. మా నాన్నగారికి చాలా ఏళ్ళ నుంచి షుగర్, కుడి పాదానికి స్పర్శ బాగా తగ్గిపోయింది, చెప్పు జారిపోయినా తెలీదు ఆయనకి. రోజూ పెందుర్తి నుంచి స్ప్లెండర్ మీద దుకాణానికి వెళ్ళొస్తారు. ఆయనకి గేర్ సమస్య లేదు, ఎడమ కాలు కొంచెం నయం. వెనక బ్రేక్ కుడి కాలే కదా. బండి మానెయ్యమంటే నన్ను ఇంట్లో కూర్చోబెట్టేస్తావా అంటారు. ఏం చెయ్యాలి?

మద్దిలపాలెం_ఫిజియో
అమ్మా, మీ నాన్నగారి సంగతి ఇక్కడ అందరికంటే తొందరగా చూడాల్సింది. రెండు ప్రమాదాలు ఉన్నాయి, ఒకటి అందరికీ తెలుసు, బ్రేక్ ఎంత నొక్కుతున్నారో తెలీదు, లేదా పెడల్ మీద పాదం ఉందనుకుని పక్కన నొక్కుతారు. రెండోది ఎవరూ ఆలోచించరు, సైలెన్సర్ కుడి పక్కే ఉంటుంది. స్పర్శ లేని పాదం, పిక్క దానికి ఆనుకుని కాలినా ఆయనకి తెలీదు, షుగర్ ఉన్నవాళ్ళకి ఆ పుండు మానదు, అక్కడి నుంచి వేలు తీసెయ్యాల్సి వచ్చినవాళ్ళని నేను చూశాను. ఇవాళ రాత్రే పడుకునే ముందు పాదాలు, మడమలు, పిక్కల లోపలి వైపు టార్చ్ వేసి చూడండి. చెప్పులతో బండి అసలు వద్దు, పూర్తిగా మూసి ఉన్న బూటు, సాక్స్ తప్పనిసరి. కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో పాదానికి సన్నటి నైలాన్ దారం తాకించి చేసే పరీక్ష ఉంటుంది, మోనోఫిలమెంట్ అంటారు, పది గ్రాముల ఒత్తిడి తెలుస్తోందా లేదా చూస్తారు. అది తెలీట్లేదంటే ఆ పాదాన్ని బ్రేక్ మీద నమ్మకూడదు, ఎంత జాగ్రత్తగా తోలినా సరే.

రిటైర్డ్_ఫిట్టర్
అమ్మాయ్, ఈ లోపు ఒక పరీక్ష నువ్వే చెయ్యొచ్చు. నాన్నగారి వెనక ఇంకో బండి మీద కొంచెం దూరం వెళ్ళు, బ్రేక్ లైట్ చూడు. రోడ్డు ఖాళీగా ఉన్నా వెలుగుతూనే ఉంటే ఆయన పాదం పెడల్ మీదే ఆనుకుని ఉందన్నమాట. దుకాణానికి చేరాక వెనక చక్రం మధ్య డ్రమ్ దగ్గర చెయ్యి పెట్టకుండా వేడి చూడు, సెగ తగుల్తుంటే లోపల బ్రేక్ షూలు ఈడుస్తూ వచ్చినట్టే. అలా వేడెక్కిన డ్రమ్ కొండ దిగేటప్పుడు పట్టదు. పెడల్‌కి ఖాళీ ఆట కూడా చూపించు, రెండు మూడు సెంటీమీటర్లు నొక్కాకే బ్రేక్ పట్టడం మొదలవ్వాలి, వెనక చక్రం దగ్గర రాడ్ చివర నట్టుతో సర్దుతారు.

పెందుర్తి_పిల్ల
మాస్టారూ చూశాను. లైట్ ఆరనే లేదు. ఎన్‌ఏడీ జంక్షన్ వచ్చేదాకా వెలుగుతూనే ఉంది. ఏడుపొచ్చింది. చేత్తో వెనక బ్రేక్ వేసేలా చెయ్యొచ్చా?

బీచ్‌రోడ్_బుల్లెట్
చెయ్యొచ్చు సిస్టర్. రేసింగ్‌లో ఇది కొత్త కాదు. మిక్ డూహన్ 1992లో అసెన్ దగ్గర పడి కుడి కాలు దాదాపు పోగొట్టుకునేవాడు, తర్వాత కుడి పాదంతో బ్రేక్ నొక్కలేక ఎడమ హ్యాండిల్ మీద బొటనవేలితో నొక్కే వెనక బ్రేక్ పెట్టించుకున్నాడు, 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదు 500 సీసీ ప్రపంచ టైటిళ్ళు కొట్టాడు. కాలు బాగున్న రైడర్లు కూడా తర్వాత అది పెట్టించుకున్నారు. మన దగ్గర స్టంట్ చేసే కుర్రాళ్ళు కూడా క్లచ్ కింద ఇంకో లివర్ పెట్టుకుని వెనక బ్రేక్ చేత్తోనే పడతారు.

ఆటోనగర్_లేత్
చెయ్యొచ్చు గానీ నాన్నగారి స్ప్లెండర్‌కి నేను చెయ్యనమ్మా, ఎందుకో చెప్తాను. ఆ బండికి వెనక డ్రమ్. కేబుల్ లాగి ఎడమ హ్యాండిల్‌కి తెచ్చీడం ఒక పూట పని. కానీ డ్రమ్ దగ్గర ఆర్మ్ కాలి బలానికి, పెడల్ పొడుగుకి లెక్క వేసి పెట్టింది. మనిషి కాలితో ఎంత తొక్కుతాడు, చేత్తో ఎంత పిండుతాడు. అదే ఆర్మ్‌ని చేత్తో లాగితే బ్రేక్ సగం కూడా పట్టదు, ఆర్మ్ పొడుగు చేస్తే బలం వస్తాది గానీ కేబుల్ ఎక్కువ లాగాలి, లివర్ గ్రిప్‌కి తగిలిపోద్ది. కుర్రాడైతే సర్ది సర్ది అలవాటు చేసుకుంటాడు. పెద్దాయనకి ఎడమ చేతిలో క్లచ్ ఒకటి, బ్రేక్ ఒకటి, హడావుడిలో ఏది పట్టాలో తడబడిపోతారు. ఇంకోటి, 2019 తర్వాత బండి అయితే పెడల్ నొక్కితే ముందు బ్రేక్ కూడా కలిసి పట్టే ఏర్పాటు ఉంటాది, దాన్ని కదిపితే అది కూడా పోద్ది.

డిస్క్ బండ్లకి అయితే మంచి పద్ధతి ఉంది. బ్రేక్ ఆయిల్‌ని తోసే చిన్న మాస్టర్ సిలిండర్‌ని చేతికి పెట్టి, వెనక డిస్క్‌ని పట్టే క్యాలిపర్‌కి లైన్ వెయ్యాలి. సిలిండర్ లోపలి వ్యాసం తగ్గితే లివర్ దూరం ఎక్కువ వెళ్తాది గానీ తక్కువ బలంతో పడతాది, చేతికి అదే కావాలి. ఇక్కడ చాలామంది కాలి మాస్టర్ సిలిండర్, చేతి సిలిండర్ రెండూ ఉంచి మధ్యలో టీ జాయింట్ పెట్టీస్తారు. అది పని చెయ్యదు. ఒకటి నొక్కితే ఆయిల్ క్యాలిపర్‌కి వెళ్ళకుండా రెండో సిలిండర్‌లో ఉన్న చిన్న రంధ్రం గుండా దాని డబ్బాలోకి పోద్ది. లివర్ స్పాంజిలా దిగిపోద్ది. రెండూ కావాలంటే రెండు లైన్లు ఉన్న క్యాలిపర్ గానీ, ఒకదాని గుండా ఒకటి వెళ్ళే రకం సిలిండర్ గానీ ఉండాలి. ఎవడైనా టీ పెట్టీస్తానంటే బండి తీసీసుకుని వచ్చీండి.

నాన్నగారికి నా మాట, గేర్లు లేని స్కూటర్. రెండు బ్రేకులూ చేతుల్లో ఉంటాయి. సైలెన్సర్ మాత్రం స్కూటర్‌కి కూడా కుడి పక్కే, ఫుట్‌బోర్డ్ మీద కాళ్ళు ముందుకి ఉంటాయి కాబట్టి నడిచినంతసేపు తగలదు, దిగేటప్పుడు చూసుకోవాలి. సరుకు మొయ్యాలంటే టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఉంది, అందులో కూడా గేర్ గొడవ లేదు.

పెందుర్తి_పిల్ల
స్కూటర్ అంటే ఆడపిల్లల బండి అంటారండి మా నాన్న.

మూడుచక్రాల_మావయ్య
అమ్మాయ్, మీ నాన్నగారికి నా గురించి చెప్పు. నాకు చిన్నప్పుడే పోలియో, రెండు కాళ్ళూ అంతంత మాత్రం. స్కూటర్‌కి పక్క చక్రాలు వేయించుకుని ఉద్యోగం చేశా, పిల్లల్ని స్కూల్లో దింపా, పెళ్ళిళ్ళకి అనకాపల్లి వెళ్ళొచ్చా. బండి మనిషిని తిప్పాలి, దానికి ఆడా మగా ఏంటి. ఆయన దుకాణానికి వెళ్ళడం ఆగకూడదు, అదే ముఖ్యం. కావాలంటే నేనే వచ్చి మాట్లాడతాను, మర్రిపాలెం నుంచి పెందుర్తి ఎంత దూరం.

ఇప్పుడు లైసెన్స్ మాట ఎవరూ ఎత్తట్లేదు, అది నేను చెప్తాను, ఎందుకంటే దీని మీద నేను ఆఫీసుల చుట్టూ బాగా తిరిగాను. మోటారు వాహనాల చట్టం 1988లో ముందు ఇన్‌వ్యాలిడ్ క్యారేజ్ అని ఉండేది, 2019 సవరణలో దాన్ని అడాప్టెడ్ వెహికల్ అని మార్చారు. వైకల్యం ఉన్న మనిషి కోసం ప్రత్యేకంగా తయారైనది గానీ, మార్పులు చేసినది గానీ, ఆ మనిషే లేదా ఆ మనిషి కోసమే వాడేది అని అర్థం. అలాంటి బండికే పరిమితమైన లైసెన్స్ ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది, అధికారికి మీరు ఆ బండి తోలగలరు అనిపించాలి అంతే. అప్పన్న_భక్తుడికి పాత లైసెన్స్ ఉంది కదా అని ఊరుకోవద్దు. వైకల్యం వచ్చాక మెడికల్ సర్టిఫికెట్ అడిగే హక్కు, రద్దు చేసే హక్కు కూడా వాళ్ళకి ఉంది. వాళ్ళు అడిగే దాకా ఆగకుండా మనమే వెళ్తే మాట మన చేతిలో ఉంటుంది. మాధవధార రవాణా ఆఫీసుకి వెళ్ళేటప్పుడు డాక్టర్ కాగితం, సదరం సర్టిఫికెట్ ఉంటే అది, బండి ఫోటోలు పట్టుకెళ్ళు. నలభై శాతం అన్నది పథకాలకి లెక్క, లైసెన్స్‌కి కాదు. లైసెన్స్‌కి నువ్వు బండిని అదుపులో పెట్టగలవా అన్నదే చూస్తారు.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చేసిన మార్పు రాతపూర్వకంగా చెప్పాలి. వికలాంగుల కోసం మార్చిన బండికి ఐఎంటీ 12 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి చేర్చే షరతు ఉంది, ఆర్సీలో ఆ మార్పు ఎక్కితే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. ఏజెంట్లు చాలామంది దాని ఊసే ఎత్తరు, నువ్వే పేరు చెప్పి అడగాలి. చెప్పకుండా తిరిగితే రేపు ఏదైనా అయినప్పుడు క్లెయిమ్ దగ్గర ఈ లివర్ మీదే వేలు పెడతారు.

అప్పన్న_భక్తుడు
మావయ్యా చాలా థ్యాంక్స్, ఈ ఐఎంటీ సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అప్‌డేట్: లేత్ అన్న దగ్గరికి వెళ్ళాను. బుష్ మార్చారు, ఆర్మ్ ఒక పన్ను జరిపి మిగతాది రాడ్‌తో సర్దారు, చివర పెగ్ పొడుగుది వేశారు, దాని మీద సైకిల్ హ్యాండిల్ గ్రిప్ లాంటి మెత్తటి రబ్బరు తొడిగారు. నన్ను బండి మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని కాలు లేపమని, లివర్ తగలగానే చెప్పమన్నారు. తగిలిన చోట సుద్దతో గుర్తు పెట్టి పెగ్‌ని అక్కడికి జరిపారు. ఇప్పుడు మడమ లేవకుండానే బూటు రబ్బరుకి ఆనుతోంది, అక్కడి నుంచి తుంటితో చిన్నగా లాగితే సెకండ్ టక్కున పడిపోతోంది. పొద్దున్నే గోపాలపట్నం నుంచి సింహాచలం వైపు ఖాళీ రోడ్డు మీద వేసి చూశా, న్యూట్రల్‌లో ఆగడం దాదాపు పోయింది.

బుల్లెట్ బ్రో క్లాసిక్ కూడా ఎక్కాను. గేర్ వరకు అది స్వర్గం, పాదం నేలకి సమానంగా కూర్చుంది, మడమతో నొక్కుడే. కానీ సిరిపురం నుంచి దిగేటప్పుడు సిగ్నల్ దగ్గర బండి ఎడమ వైపు ఒరిగింది, ఆ బరువు ఎడమ కాలు మీద పడేసరికి గుండె జారింది, బ్రో వెనక కూర్చుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇప్పటికి అపాచీయే నాకు మంచిది.

మిగిలిన సమస్య ఆగినప్పుడే. ఎడమ కాలు పెట్టాలంటే పాదం వంగదు కదా, నేల ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది.

ఘాట్_రైడర్
లేత్ అన్న మాట ఒప్పుకుంటున్నా, క్లాంపే మంచిది, నేను కూడా నా ఫ్రెండ్‌కి అదే చెప్తా.

ఆగడం గురించి, రోడ్డు అంచు వైపు ఆగకు బ్రో. మన రోడ్లు మధ్యలో ఎత్తు, ఎడమ అంచుకి వాలు, నీళ్ళు పోవడానికి. అంచున ఆగితే ఎడమ పక్క నేల ఇంకా కిందకి ఉంటుంది. కుడి కాలు పెట్టడం అలవాటు చేసుకో. కుడి కాలు నేల మీద ఉంటే వెనక బ్రేక్ ఉండదు కాబట్టి ముందు బ్రేక్ పట్టుకునే ఆగాలి. వాల్తేరు అప్‌లాండ్స్ వైపు ఎత్తు మీద ఆగితే అదే కష్టం, ముందు బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ కుడి చెయ్యే. రెండు వేళ్ళు బ్రేక్ మీద, మిగతా వేళ్ళతో, అరచేత్తో గ్రిప్ తిప్పుతూ, క్లచ్ పట్టే పాయింట్ వచ్చాక బ్రేక్ వదలాలి. ఖాళీ చోట బాగా ప్రాక్టీస్ చేశాకే ఎత్తు రోడ్డు ఎక్కు. అరకు ఘాట్‌లో లారీ వెనక ఆగాల్సి వస్తుంది, అక్కడ నేర్చుకోవడం కుదరదు.

మద్దిలపాలెం_ఫిజియో
ఘాట్_రైడర్ గారు చెప్పింది సరైనది. దానికి తోడు బూటు కింద సోల్ గట్టిగా, ముందు కొంచెం పైకి వంపు ఉన్నది వేసుకోండి, రాకర్ సోల్ అంటారు, ఫ్యూజన్ అయినవాళ్ళకి నడకలో కూడా పాదం సులువుగా ముందుకి దొర్లుతుంది. సైడ్ స్టాండ్ కూడా ఎడమ కాలితోనే కదా, దాన్ని ఎలా వేస్తున్నారు?

అప్పన్న_భక్తుడు
దిగిపోయాక చేత్తో వంగి వేస్తున్నానండి. వానలో, ప్యాంటు బురద అయిపోతుంటే కొంచెం ఇబ్బందే.

ఆటోనగర్_లేత్
స్టాండ్ చివర ఒక చెవి ఉంటాది, దాన్ని బయటికి పొడుగు చేద్దాం, మడమతో వెనక నుంచి ముందుకి తోసీసేలాగ. ఇది కూడా క్లాంపే. స్టాండ్ మడిచినప్పుడు చెయిన్‌కి తగలకూడదు, అది బండి చూసి చెయ్యాలి. శనివారం మధ్యాహ్నం తర్వాత రా, పొద్దున్న పని ఎక్కువ.

లివర్ బోల్టులు ఇప్పుడు ఒకసారి మళ్ళీ బిగించాలి, కొత్తగా వేసినవి కొంచెం నడిచాక వదులు అవుతాయి. చెక్ నట్ల మీద పెయింట్‌తో గీత పెట్టాను చూశావా, ఆ గీత కలిసి లేదంటే తిరిగినట్టే, వెంటనే ఫోన్ చెయ్.

పెందుర్తి_పిల్ల
అందరికీ చెప్పాలి. మూడుచక్రాల_మావయ్య గారు నిజంగానే ఇంటికి వచ్చారు. నాన్న, ఆయన గంటలు గంటలు మాట్లాడుకున్నారు, ఎక్కువ షుగర్ గురించి, బస్సుల గురించి. పాదం పరీక్షకి నాన్న ఒప్పుకున్నారు, దారం తాకిస్తే కుడి పాదంలో చాలా చోట్ల తెలీలేదు. డాక్టర్ గారు కాలి బ్రేక్ ఉన్న బండి వద్దని కాగితం మీద రాసిచ్చారు. పిక్క మీద ఒక పాత కాలిన మచ్చ కూడా కనపడింది, ఎప్పుడు కాలిందో ఆయనకే తెలీదు. స్ప్లెండర్ మా అన్నయ్యకి ఇచ్చేశారు. స్కూటర్ ఇంకా కొనలేదు, ముందు మా పిన్నిది ఒకటి తెచ్చి ఇంటి ముందు వీధిలో తిప్పుతున్నారు. కానీ పాత అలవాటు కదా, ఆగాల్సి వచ్చినప్పుడు కుడి కాలితో ఫుట్‌బోర్డ్‌ని నొక్కేస్తున్నారు, చెయ్యి ఆలస్యంగా వెళ్తోంది. ఇది పోతుందా?

రిటైర్డ్_ఫిట్టర్
పోతుందమ్మా, కానీ టైం పడుతుంది, తొందరపెట్టొద్దు. పక్కన నడుస్తూ నువ్వు ఆగు అన్నప్పుడల్లా ఆగమను, మెల్లగా, నడక వేగంతో. కాలు నొక్కడం మానెయ్యమని చెప్పకు, రెండు చేతులూ ఒకేసారి పట్టమని మాత్రం చెప్పు. చెయ్యి ముందు వెళ్ళడం మొదలయ్యే దాకా మెయిన్ రోడ్డు ఎక్కనివ్వకు.

మద్దిలపాలెం_ఫిజియో
అవును, వీధిలోనే. ఎండ వేళ ఫుట్‌బోర్డ్ రేకు కాలిపోతుంటుంది, అక్కడ కూడా బూటుతోనే.

పెందుర్తి_పిల్ల
సరే అక్కా. లేత్ అన్నా, నాన్న స్కూటర్‌కి ఎడమ బ్రేక్ లివర్ ఆయన వేళ్ళకి దూరంగా ఉంది, దగ్గరికి జరపగలరా? శనివారం మేము కూడా రావచ్చా?

ఆటోనగర్_లేత్
రండమ్మా. కేబుల్ సర్ది, లివర్ హ్యాండిల్ మీద కొంచెం కిందకి తిప్పుదాం, మణికట్టు తిన్నగా ఉండేలాగ. నాన్నగారిని కూడా తీసుకుని రా, చెయ్యి కొలత ఆయనదే కావాలి. రోజూ వేసుకునే బూటుతోనే రమ్మను, అప్పన్న_భక్తుడు కూడా అంతే.